కటి ధమనుల ఇరుకు: కోత లేని చికిత్స, ముదిగుబ్బ మెట్ట నుంచి చూస్తే

బొడ్డు ఎత్తులో, నాలుగో నడుము పూస ఎదుట, బృహద్ధమని రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలే కటి ధమనులు. ఆసుపత్రి మాటల్లో ఇలియాక్ ధమనులు. పెద్దవాళ్లలో మొదటి భాగం 8 నుంచి 10 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. నాలుగైదు సెంటీమీటర్లు దిగాక ప్రతి పాయా మళ్లీ రెండవుతుంది. లోపలి కొమ్మ పిర్రల కండరాలకూ, మూత్రాశయానికీ, జననాంగాలకూ రక్తం పంచుతుంది. బయటి కొమ్మ గజ్జ దాటి తొడ ధమనిగా పేరు మార్చుకుని కాలినంతటినీ పోషిస్తుంది. ఈ గొట్టాల లోపలి గోడలో కొవ్వూ సున్నమూ పేరుకుని దారి సగానికి సగం మూసుకుపోయినా, కూర్చున్న మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. నడక మొదలైతే కాలి కండరాలు ఎన్నో రెట్లు ఎక్కువ రక్తం అడుగుతాయి. ఆ ఇరుకులోంచి అంత రక్తం దిగదు. పిర్రలోనో తొడలోనో పిక్కలోనో కండ పట్టేస్తుంది, మనిషి ఆగిపోతాడు, రెండు మూడు నిమిషాలు నిలబడితే నొప్పి పోతుంది, మళ్లీ దాదాపు అంతే దూరం నడవగానే తిరిగొస్తుంది. జబ్బు ముదిరితే పడుకున్నా పాదం మంట, మానని పుండు, చివరికి వేళ్లు నల్లబడటం. ఫ్రెంచి శస్త్రవైద్యుడు రెనే లెరిష్ 1940లో ఈ జబ్బు పూర్తి రూపాన్ని మూడు గుర్తులతో వివరించాడు: పిర్రలో నడక నొప్పి, మగవారిలో అంగస్తంభన లోపం, గజ్జల్లో నాడి అందకపోవడం.

ఈ ఇరుకును పొట్ట కోయకుండా, గజ్జలో సూది పట్టేంత దారి చేసుకుని, బెలూన్‌తో విప్పి లోహపు జాలీని (స్టెంట్‌ను) నిలబెట్టే పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా మొదటి ఎంపిక అయింది. ఈ పద్ధతి గురించి రాసేవాళ్లు సాధారణంగా జాలీల రకాలు, బెలూన్ల సైజుల దగ్గరే ఆగుతారు. శ్రీసత్యసాయి జిల్లా ముదిగుబ్బ లాంటి చోట నిలబడి చూస్తే ప్రశ్న మారిపోతుంది. అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద, ధర్మవరం–పాకాల రైలు మార్గంలో ఉన్న మండల కేంద్రం ఇది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ పడే వాన మీద చెనిక్కాయ పండించుకునే మెట్టనేల. ఇక్కడి మనిషికి కాళ్లే పెట్టుబడి. అలాంటి చోట ఈ చికిత్సకు అడ్డుపడుతున్నది యంత్రాల కొరత కన్నా, కాలి నొప్పితో వచ్చిన మనిషి గజ్జలో రెండు వేళ్లు పెట్టి నాడి చూసే అలవాటు లేకపోవడమే. జాలీ వేయడం ఒక గంట పని. దాని ముందూ వెనకా ఉన్న పనే చికిత్సను నిలబెడుతుంది, లేదా వృథా చేస్తుంది.

ముందుగా చరిత్రలో ఒక తమాషా చెప్పుకోవాలి. స్టెంట్ అంటే మన ఊళ్లలో అందరికీ గుండే గుర్తొస్తుంది. నిజానికి ఈ విద్య పుట్టింది కాలి ధమనుల్లో, గుండెకు అది తర్వాత ఎక్కింది. 1963లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే రేడియాలజిస్టు బృహద్ధమని ఎక్స్‌రే తీయడానికి గొట్టం పంపుతూ, పూర్తిగా మూసుకుపోయిన కుడి కటి ధమనిలోంచి అనుకోకుండా దాన్ని పైకి నెట్టేశాడు. మూసుకున్న దారి తెరుచుకుంది. ఆ పొరపాటును ఆయన పొరపాటుగా వదిలేయలేదు. 1964 జనవరి 16న, పాదం కుళ్లుతున్నా కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల లారా షా తొడ ధమనిలోని ఇరుకును, ఒకదాని కన్నా ఒకటి లావైన గొట్టాలు పంపి విప్పాడు. ఆమె కాలు నిలిచింది. అయినా శస్త్రవైద్యులు చాలామంది ఆయన్ని పిచ్చివాడి కిందే జమకట్టారు. విద్యను పట్టుకున్నది యూరప్. జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ ఇంట్లో వంటగది బల్ల మీద చేసిచూసుకున్న బెలూన్‌ను 1974లో కాలి ధమనిలో, 1977లో గుండె ధమనిలో వాడాడు. ఉబ్బించినా మళ్లీ కుంచించుకుపోయే గోడను నిలబెట్టడానికి జూలియో పాల్మాజ్ ఉక్కు జాలీ తయారుచేశాడు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆ జాలీకి 1991లో మొదట అనుమతిచ్చింది కటి ధమనుల కోసమే. దానికి తమ్ముడులాంటి గుండె జాలీకి అనుమతి 1994లో వచ్చింది. అంటే కాలి చికిత్స గుండె చికిత్సకు తోకలా వచ్చిందేమీ కాదు. పేరు మాత్రం గుండెకే దక్కింది. ఛాతీ నొప్పి అంటే పల్లెలో కూడా క్యాథ్ ల్యాబ్ గుర్తొస్తుంది, నడిస్తే పిక్క పట్టేస్తోందంటే నొప్పి సూది గుర్తొస్తుంది.

క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఎక్స్‌రే తెర మీద చూస్తూ ధమనుల్లోకి గొట్టాలు పంపే గదిలో, జరిగేది ఇది. రోగి బల్ల మీద వెల్లకిలా పడుకుంటాడు. పూర్తి మత్తు ఉండదు, గజ్జ దగ్గర చర్మం మొద్దుబారడానికి లిగ్నోకెయిన్ మాత్రమే. అల్ట్రాసౌండ్ చూస్తూ తొడ ధమనిలోకి బోలు సూది దించుతారు. సూదిలోంచి మెత్తని కొసున్న తీగ, ఆ తీగ మీదుగా రెండున్నర మిల్లీమీటర్ల మందమున్న తొడుగు. ఈ తీగ ఉపాయం 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ చెప్పినది, ఇప్పటికీ అదే నడుస్తోంది. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి, అయోడిన్ మందు వదిలి తెర మీద ఇరుకు చూస్తారు. ఇరుకుకు ఎగువనా దిగువనా ఒత్తిడి కొలుస్తారు. కంటికి సగం మూసుకున్నట్టు కనిపించిన చోట ఒత్తిడి తేడా లేకపోతే అక్కడ చెయ్యి పెట్టకపోవడమే మంచిది. తేడా ఉంటే తీగను ఇరుకు దాటించి, 7 లేదా 8 మిల్లీమీటర్ల బెలూన్‌ను ఉబ్బిస్తారు. అప్పుడు డాక్టరు తెరనే కాదు, రోగి మొహాన్ని కూడా చూస్తుంటాడు. 'నొస్తాందా పెద్దాయనా?' అనే ప్రశ్న పలకరింపు కాదు, కొలత. ధమని పైపొర సాగితే నడుములో మొద్దు నొప్పి పుడుతుంది. బెలూన్ దించగానే అది పోవాలి. నొప్పి మరీ ఎక్కువైతే గోడ చిరగబోతోందని అర్థం, అక్కడితో ఆపాలి. రోగిని మెలకువగా ఉంచడంలో ఖర్చు తగ్గింపు ఒక్కటే లేదు, ఈ భద్రత కూడా ఉంది. చిరగడం అరుదు. అయినా గుడ్డపొర తొడిగిన జాలీ చేతికందేలా లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. పొట్ట లోపల జరిగే రక్తస్రావం బయటికి కనిపించదు, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అంతా సవ్యంగా జరిగితే తొడుగు తీసి పావుగంట అదిమిపట్టి, నాలుగైదు గంటలు కాలు కదల్చకుండా పడుకోబెట్టి, మర్నాడు ఇంటికి పంపుతారు.

కాలి ధమనులన్నిటిలో ఈ పని బాగా నిలిచేది కటి ధమనుల్లోనే. దానికి కారణాలు సూటివి. కటి ధమని వెడల్పు, అందులో ప్రవాహం వడి, చుట్టూ కటి ఎముకల గూడు. మోకాలు మడిచినా, కింద కూర్చున్నా తొడ ధమని మెలితిరిగినంతగా కటి ధమనిలో మొదటి భాగం మెలితిరగదు. మోకాలి కింది ధమనులైతే రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటాయి. అక్కడ విప్పినది నెలల్లో మళ్లీ పూడటం మామూలే. ఇంకో సంగతి: ఇది ఎగువ. డ్రిప్ వేసిన తోటలో మెయిన్ పైపు పూడితే చివర డ్రిప్పర్లు ఎన్ని గుచ్చి శుభ్రం చేసినా మొక్కకు నీళ్లు రావు. కాలిలో రెండు మూడు చోట్ల ఇరుకున్న మనిషికి ముందు కటి ధమని విప్పాలనే సూత్రం ఇందుకే పుట్టింది. చాలామందికి ఎగువ ఒక్కటి తెరిస్తే చాలు, కింద ఇరుకులున్నా నడక తిరిగొస్తుంది, పుండు మానుతుంది.

ఏ జాలీ, ఎప్పుడు అన్నదానిమీద సాక్ష్యం కొంత స్పష్టంగానే ఉంది. నెదర్లాండ్స్‌లో 279 మందితో చేసి 1998లో లాన్సెట్‌లో ప్రచురించిన పరీక్షలో, అందరికీ నేరుగా జాలీ వేసినా, బెలూన్ సరిపోని వాళ్లకే జాలీ వేసినా రెండేళ్లకు ఫలితంలో తేడా రాలేదు. రెండో గుంపులో జాలీ అవసరపడింది నూటికి 43 మందికే. కాబట్టి చిన్న ఇరుక్కి జాలీ తప్పనిసరి అనేవాళ్లను ఎందుకని అడిగే హక్కు రోగికి ఉంది. పొడవైన మూసివేతలకు ఈ మాట వర్తించదు. ఆస్ట్రేలియాలో 125 మందితో జరిగిన కోబెస్ట్ పరీక్షలో, విస్తారంగా దెబ్బతిన్న ధమనుల్లో గుడ్డపొర ఉన్న జాలీలు మామూలు జాలీల కన్నా మెరుగ్గా నిలిచాయి. 660 మందితో జర్మనీ, స్విట్జర్లాండ్ ఆసుపత్రుల్లో జరిగి 2017లో వచ్చిన ఐస్ పరీక్షలో, తనంతట తాను విచ్చుకునే నిటినాల్ జాలీల్లో ఏడాదికి మళ్లీ ఇరుకైనవి 6.1 శాతం, బెలూన్‌తో విప్పే జాలీల్లో 14.9 శాతం. అయినా బృహద్ధమని చీలిక దగ్గర సున్నం గట్టిపడినప్పుడు బెలూన్ జాలీయే అనుకున్న చోట కచ్చితంగా కూర్చుంటుంది. అక్కడ రెండు పాయల్లోనూ రెండు జాలీలు పక్కపక్కన ఒకేసారి విప్పుతారు. ఒకదాన్నే విప్పితే పక్కపాయ నొక్కుకుపోతుంది.

జాలీ పద్ధతికి మొదటి అభ్యంతరం పాతతరం శస్త్రవైద్యులది: పొట్ట తెరిచి బృహద్ధమని నుంచి రెండు తొడ ధమనులకు కృత్రిమ నాళం కుడితే అయిదేళ్లకు కూడా నూటికి దాదాపు 90 నాళాలు తెరిచే ఉంటాయి, జాలీకి అంత ఆయుష్షు ఉందా? నిజమే, లేదు. విస్తారమైన ఇరుకులున్నవారిలో జాలీలు నాలుగైదేళ్లకు వేసినవి వేసినట్టే తెరిచి ఉండటం, వేర్వేరు ఆసుపత్రుల లెక్కల్లో 60 నుంచి 86 శాతం దాకా మారుతుంది. అయితే అదే లెక్కల్లో, పూడినప్పుడు మళ్లీ గజ్జలోంచే వెళ్లి తెరిస్తే ఆ అంకె 80 నుంచి 98కి చేరుతుంది. అటు శస్త్రచికిత్సలో నూటికి మూడు ప్రాణాల చుట్టూ పణం పెట్టాలి. పూర్తి మత్తు, బృహద్ధమనికి బిగింపు, వారం పైన ఆసుపత్రి, నెలల తరబడి బరువెత్తకూడదనే షరతు. పొగతాగి గుండె, ఊపిరితిత్తులు కూడా చెడిన 60 ఏళ్ల రైతుకు ఈ బేరం గిట్టదు. 45 ఏళ్ల వాడు, గుండె బాగున్నవాడు, బృహద్ధమని కిడ్నీల దాకా మూసుకుపోయినవాడు అయితే శస్త్రచికిత్సే మేలు కావచ్చు. ఆ మాట చెప్పగల శస్త్రవైద్యుడు అందుబాటులో లేనిచోట ప్రతి ఇరుకూ జాలీకి తగినదిగానే కనబడుతుంది. ఈ అభ్యంతరంలో నేను ఒప్పుకునే భాగం ఇదే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అమెరికాలో కటి ధమనుల ఇరుకున్న 111 మందిని మూడు గుంపులు చేసి జరిపిన క్లెవర్ పరీక్ష 2012లో అచ్చయింది. ఆరు నెలల తర్వాత, నడవగలిగే గరిష్ఠ సమయం మందులు మాత్రమే తీసుకున్నవాళ్లకు 1.2 నిమిషాలు పెరిగింది, జాలీ వేసుకున్నవాళ్లకు 3.7 నిమిషాలు, పక్కన మనిషి ఉండి క్రమపద్ధతిలో నడిపించినవాళ్లకు 5.8 నిమిషాలు. అంటే నడకే జాలీని ఓడించింది. మరి ఖర్చెందుకు? ఇక్కడ పల్లెవాళ్లు అడిగే ఎదురుప్రశ్న ఒకటి ఉంది: పొద్దున లేస్తే చేనికీ చెరువుకీ నడిచేవాడికి నడక మందా? అవును, మందే, కానీ చేనిదారి నడక వేరు. నడిపించే వైద్యంలో నొప్పి బాగా పెరిగేదాకా నడవాలి, ఆగాలి, తగ్గగానే మళ్లీ నడవాలి, ఇలా వారానికి మూడు రోజులు, దాదాపు గంట చొప్పున, ఆరు నెలలు. పనిలో ఉన్న మనిషి నొప్పి రాకుండా తప్పించుకుంటాడు. గట్టున కూర్చుంటాడు, మోపు వేరేవాడికిస్తాడు, చివరికి చేనికి పోవడమే మానేస్తాడు. శరీరం పక్కదారి నాళాలు పెంచుకోవడానికీ, కండరం ఉన్న రక్తాన్ని పొదుపుగా వాడుకోవడం నేర్చుకోవడానికీ కావలసిన ప్రేరణ అతనికి అందదు. ఊరి చివర మట్టిరోడ్డు చాలు, ట్రెడ్‌మిల్ అక్కర్లేదు. కావలసింది వారానికొకసారి లెక్క అడిగే మనిషి.

ఇంతటితో జాలీ వాదన ఓడిపోలేదు. అదే క్లెవర్ పరీక్షలో, రోజువారీ బతుకు ఎలా ఉందని రోగులనే అడిగితే జాలీ గుంపువాళ్లే ఎక్కువ మేలు చెప్పారు. 2015లో వచ్చిన డచ్చి పరీక్ష ఇరేజ్‌లో 212 మందిని, నడక ఒక్కటే చేయించినవాళ్లు, బెలూన్‌తో, అవసరమైతే జాలీతో ధమని విప్పి నడక కూడా చేయించినవాళ్లు అని విడదీశారు. ఏడాదికి మొదటి గుంపు 285 మీటర్ల నుంచి 1,240 మీటర్లకు, రెండో గుంపు 264 నుంచి 1,501కి చేరింది. కనుక నడకనూ జాలీనీ పోటీ పెట్టడమే తప్పు. నొప్పి మాత్రమే ఉన్నవాడికి ముందు మూడు నెలలు నడక, మందులు, బీడీ మానడం. అప్పటికీ కూలికి పోలేకపోతే జాలీ. తొడ ధమనిలోనైతే ఇంకా కొన్నాళ్లు ఆగమంటాను, కటి ధమనిలో అంత ఆగనక్కర్లేదు, ఫలితం నిలుస్తుంది కాబట్టి. రాత్రిళ్లు పాదం కిందికి వేలాడేసుకుని కూర్చునేవాడికీ, పుండు మానని వాడికీ ఈ వరుస వర్తించదు. వాళ్లకు నడక చెప్పి ఇంటికి పంపడం కాలు తీయించడానికి పంపడమే. ఉన్నట్టుండి కాలు చల్లబడి, తెల్లబడి, మొద్దుబారితే అది వేరే జబ్బు, గంటల్లో పెద్దాసుపత్రికి చేరాలి.

ఇప్పుడు ముదిగుబ్బ సంగతికి వద్దాం. కాలి ధమనులు పూడటానికి రెండు పెద్ద కారణాలు పొగాకు, చక్కెర జబ్బు. ఆ రెండూ దెబ్బతీసే చోట్లు వేరు. చక్కెర ఎక్కువగా మోకాలి కింది సన్నని ధమనులను పట్టుకుంటుంది, పొగాకు ఎక్కువగా బృహద్ధమని చివరనూ కటి ధమనులనూ. దేశంలో 2016–17లో జరిగిన పెద్దల పొగాకు సర్వేలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతమైతే బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. చుట్టిన తునికాకులోంచి గాలి దూరదు, అందుకని బీడీని గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. చిన్నదిగా కనిపించినా కార్బన్ మోనాక్సైడ్, తారు ఒంట్లోకి పోవడంలో సిగరెట్‌కు తీసిపోదు. బీడీ తాగే 50, 60 ఏళ్ల మగవాళ్లలో కాలి నొప్పి అంటే కటి ధమనులు మొదట అనుమానించాల్సినవి. 40 లోపువాడికి వేళ్లు నల్లబడితే మాత్రం బ్యూర్గర్ జబ్బు కావచ్చు. అదీ పొగాకు జబ్బే, కానీ అది పట్టేది కాలి చివరి సన్న ధమనులను. అక్కడ జాలీకి చోటు లేదు, బీడీ మానడమే అసలు మందు. యువతుల్లో గజ్జ నాడి అందకపోతే బృహద్ధమని గోడ వాచే తకయాసు జబ్బును గుర్తుచేసుకోవాలి. వాపు మందులతో తగ్గకముందే బెలూన్ వేస్తే మళ్లీ పూడుతుంది.

ఈ నేలకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది, అది నీళ్లలో ఉంది. అనంతపురం మెట్టలో బోర్లు లోతుకు పోయేకొద్దీ చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ హద్దు దాటింది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది మన ప్రమాణం. 1990ల మధ్యలో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు వందలాది ఊళ్లకు తాగునీళ్లు ఇచ్చే పథకం కట్టడానికి ఈ నీటి కష్టమే కారణం. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లలో వెన్నుపూసల దారి ఇరుకై నరాలు నొక్కుకుపోవచ్చు. వాళ్లకూ నడిస్తే కాళ్లు గుంజుతాయి, ఆగాలనిపిస్తుంది. నడక నొప్పితో వచ్చినవాడిది నరమా, ధమనా అన్నది వేరే జిల్లాలో కన్నా ఇక్కడ కష్టమైన ప్రశ్న. విడదీసే గుర్తులు ఉన్నాయి. నరం నొక్కుకున్నవాడికి ఊరికే నిలబడినా నొప్పి తగ్గదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. వంగి కలుపు తీస్తుంటే హాయిగా ఉంటుంది, నిటారుగా నిలబడితేనే బాధ. ధమని ఇరుకైనవాడికి నిలబడితే చాలు, నొప్పి పోతుంది. సైకిల్ తొక్కడం నరం నొప్పివాడికి సులువు, ధమని నొప్పివాడికి నడకంతే కష్టం. రెండు జబ్బులూ ఒకే మనిషిలో ఉండొచ్చు కూడా. అందుకే కథ విన్నాక చెయ్యి గజ్జ మీదికి పోవాలి.

పోవడం లేదు. కాలి నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర దొరికేది డైక్లోఫెనాక్ సూది, నరాల బలానికని బీ కాంప్లెక్స్. ఆ తర్వాత నడుము ఎంఆర్‌ఐ. 60 దాటిన చాలామంది నడుము ఎంఆర్‌ఐలో ఏదో ఒక డిస్కు అరిగినట్టో జారినట్టో కనిపిస్తుంది, దాంతో కథ మూసేస్తారు. ఈ తప్పుదారికి ఖరీదు కాలం ఒక్కటే కాదు. మండుటెండలో, నీళ్లు చాలక పనిచేసేవాడి కిడ్నీలు ఎప్పుడూ అంచుమీదే ఉంటాయి. నెలల తరబడి నొప్పి మాత్రలు వాటిని ఇంకా చెడగొడతాయి. చివరికి నిజం తెలిసి క్యాథ్ ల్యాబ్‌కు చేరేసరికి, ధమనిని చూపించే అయోడిన్ మందునే ఆ కిడ్నీలు తట్టుకోలేని స్థితి వస్తుంది. ముందురోజు నుంచి సెలైన్ ఎక్కించడం, మందు తక్కువ వాడటం, దాని బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో ధమని బొమ్మ తీయడం లాంటి ఉపాయాలు ఉన్నాయి, కానీ రోగనిర్ధారణ ఆలస్యంతో వచ్చిన నష్టాన్ని అవి పూర్తిగా పూడ్చలేవు. మగవాడు సిగ్గుపడి చెప్పని అంగస్తంభన లోపం ఇంకో పోగొట్టుకున్న అవకాశం. అతను దాన్ని తీసుకెళ్లేది బస్టాండు పక్క గుడారంలోని మూలికల వాడి దగ్గరికి. పిర్ర నొప్పీ అదీ కలిపి ఎవరైనా అడిగితే లెరిష్ చెప్పిన జబ్బు అక్కడే బయటపడేది.

గజ్జ మడత మధ్యలో రెండు వేళ్లతో అదిమితే తొడ ధమని నాడి ఆరోగ్యవంతుడిలో గట్టిగా తగులుతుంది. ఒక పక్క బలంగా, ఇంకో పక్క సన్నగా తగిలితే ఎగువన ఇరుకుందని లెక్క. దాని తర్వాతి మెట్టు చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగించడం. దానికి బీపీ పట్టీ, రక్తప్రవాహం చప్పుడు వినిపించే చేతిలో పట్టేంత డాప్లర్ కావాలి. 0.90 గానీ అంతకన్నా తక్కువగానీ ఉంటే జబ్బే. ఇక్కడ రెండు మోసాలున్నాయి. చక్కెర జబ్బువాళ్లలో గట్టిపడిన ధమని నొక్కుకోదు, అంకె 1.4 దాటి తప్పుడు ధైర్యం ఇస్తుంది. కటి ధమని ఒక్కటే ఇరుకైనవాడికి విశ్రాంతిలో అంకె మామూలుగా ఉండి, అయిదు నిమిషాలు నడిపించి కొలిస్తే పడిపోతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందికి ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు, ఇంకో పరీక్ష ఎవరు చేస్తారన్న అభ్యంతరం న్యాయమైనదే. ఊరందరికీ చేయమని ఎవరూ అనడం లేదు. 30 దాటినవాళ్లకు బీపీ, చక్కెర చూసే కార్యక్రమం నడుస్తూనే ఉంది. అందులో బీడీ తాగేవాళ్లను, నడిస్తే కాలు పట్టేస్తుందా అని ఒక మాట అడిగి, అవునన్నవాళ్ల నాడి డాక్టరు చూస్తే చాలు. డాప్లర్ ఆ తర్వాత.

యంత్రాలు లేవన్న వాదన మాత్రం ఇప్పుడు పాతబడింది. బత్తలపల్లిలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ముదిగుబ్బకు అనంతపురం దారిలోనే ఉంది. అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ విభాగం ఉన్నాయి. పుట్టపర్తిలో సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ 1991 నవంబరు 22 నుంచి ఉచితంగా గుండె చికిత్సలు చేస్తోంది. గుండెకు వాడే క్యాథ్ ల్యాబ్ గదే, ఆ ఎక్స్‌రే యంత్రమే కటి ధమనులకూ సరిపోతుంది. మారేది బెలూన్ సైజు, చేసేవాడి అనుభవం. ఆ అనుభవం, అవసరమైతే పొట్ట తెరవగల రక్తనాళ శస్త్రవైద్యుడు ఒకేచోట ఉండేది హైదరాబాద్ నిమ్స్ లాంటి సంస్థల్లో, బెంగళూరు పెద్దాసుపత్రుల్లో. ఖర్చు సంగతికి వస్తే, తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2019 నవంబరు నుంచి హైదరాబాద్, చెన్నైలతోపాటు బెంగళూరులో ఎంపిక చేసిన ఆసుపత్రులకూ అది విస్తరించింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. వానలు లేని ఏడు బెంగళూరుకు కూలికి పోయే కుటుంబాలకు ఆ ఊరి దారి కొత్త కాదు. పథకం చికిత్సకు డబ్బు కడుతుంది. పోయిన కూలి, తోడొచ్చిన కొడుకు బత్తెం, ఆరు నెలలకోసారి తిరిగి చూపించుకునే బస్సు చార్జీ దానిలోకి రావు. జాలీ వేయించుకున్నవాళ్లు తిరిగి రాకపోవడానికి అవే కారణం.

తిరిగి రావడం ఎందుకంటే, కాలి ధమని పూడిన మనిషి ప్రాణం పోయేది ఎక్కువగా కాలితో కాదు, గుండెపోటుతో, పక్షవాతంతో. ఒక చోట కొవ్వు పేరుకున్నదంటే ఒళ్లంతా పేరుకుంటున్నట్టే. ఆస్పిరిన్ గానీ క్లోపిడోగ్రెల్ గానీ, దానితోపాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర జీవితాంతం వేసుకోవాలి. ఇవన్నీ మన జనరిక్ దుకాణాల్లో చవకగా దొరికేవే. 2020లో వచ్చిన వాయేజర్ పరీక్షలో, కాలికి రక్తం పునరుద్ధరించిన 6,564 మందిలో ఆస్పిరిన్‌కు తోడు రోజుకు రెండుసార్లు 2.5 మిల్లీగ్రాముల రివరోక్సబాన్ ఇస్తే మూడేళ్లకు పెద్ద ప్రమాదాలు 19.9 శాతం నుంచి 17.3కి తగ్గాయి. రక్తస్రావం ముప్పు కొంత పెరిగింది. కడుపులో పుండున్నవాడికీ, మందు ఆపకుండా కొనలేనివాడికీ దాన్ని రాయడంలో అర్థం లేదు. బీడీ మానడం ఈ మందులన్నిటికన్నా ఎక్కువ పని చేస్తుంది, అన్నిటికన్నా కష్టం కూడా అదే. డిశ్చార్జి కాగితం మీద 'ధూమపానం మానవలెను' అని ఒక ముక్క రాసి ఇవ్వడాన్ని వైద్యమనలేం. జాలీ లోపలి గోడ కొత్త పొర కప్పుకునే మొదటి ఏడాదిలోనే మళ్లీ ఇరుకు కావడం ఎక్కువ. నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి గజ్జ నాడి, చీలమండ బీపీ చూస్తే అది పూర్తిగా మూసుకోకముందే దొరుకుతుంది. అప్పుడు బెలూన్ ఒక్కటే చాలు. మూసుకున్నాక అయితే పాత గడ్డను దాటించి తీగ పంపడం మొదటిసారి కన్నా కష్టం. ఆ మూడు చూపులకూ బెంగళూరు పోనక్కర్లేదు, ముదిగుబ్బలోనే అయిపోతాయి.